నాణేల షాపులో మీకు జరిగిన మంచి అనుభవం ఒకటి చెప్పండి

రాగిబిళ్ళ

నాణేల షాపుల గురించి ఇక్కడ పోస్టు పడిందంటే అది ఫిర్యాదే. తూకం లెక్కనే ఇస్తానన్నాడు, మొహం చూసి ధర చెప్పాడు, నకిలీ అంటగట్టాడు, ఇంకో ప్రశ్న అడిగితే విసుక్కున్నాడు. ఇవి జరగవని నేననను. కానీ కొత్తవాళ్ళు వరసగా ఇవే చదివి షాపు గుమ్మం ఎక్కడానికే జంకుతున్నారు. తిన్నగా వెళ్ళి ఆన్‌లైన్ వేలంలో ఫోటోలో తళతళలాడేదాన్ని కొనేస్తున్నారు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా. మీకు షాపులో జరిగిన మంచి ఒక్కటైనా ఉంటే రాయండి. షాపు పేరూ ఊరూ వద్దు, ప్రచారంలా ఉంటుంది. ధరలూ వద్దు. ఏం జరిగిందో చెప్తే చాలు.

నాది ముందు చెప్తాను. విక్టోరియా బొమ్మ ఉన్న 1862 రూపాయి కోసం వెళ్ళాను. షాపాయన రెండు తీసి నల్ల గుడ్డ మీద పెట్టాడు. ఒకటి తెల్లగా మెరిసిపోతోంది. రెండోది బూడిద రంగులో ఉంది, అంచు దగ్గర కాస్త నీలం తిరిగింది. ఎవరికైనా కన్ను ముందు తెల్లదాని మీదకే పోతుంది. ఆయన టేబుల్ లైటు దగ్గరికి లాగి, బూడిద రంగుదాన్ని అంచులతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచాడు. రాణి మొహానికి ముందున్న ఖాళీలో ఒక వెలుగు చార లేచి బొమ్మ చుట్టూ తిరిగింది. తెల్లదాన్ని అలాగే వంచితే ఆ చార రాలేదు, మొత్తం ఒకేసారి మెరిసి ఊరుకుంది. లూప్‌లో (నాణేలు చూసే చిన్న భూతద్దం) చూస్తే సన్నని గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. ఎవరో ఎప్పుడో పొడి పెట్టి తోమారు. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారుతుంది, ఆ పారిన జాడలే ఆ తిరిగే మెరుపు, తోమితే పోయేది అదే, ఏం చేసినా మళ్ళీ రాదు అని చెప్పాడు. తెల్లదాన్ని నాకు అమ్మేసి ఉంటే ఆయనకు బేరం అయిపోయేది. నాకు తెలిసేదీ కాదు. ఇప్పటికీ ఏ వెండి నాణెం చేతిలోకి వచ్చినా ముందు లైటు కింద వంచి చూస్తాను.

ఏరుకునేవాడు

మంచి చర్చ. నాకు మంచి షాపు అంటే ఏరుకునే డబ్బా ఉన్న షాపు. అన్ని దేశాల చిల్లరా కలిపి పోసి ఉంటుంది చూడండి, అది. కొన్నిచోట్ల అందులో చెయ్యి పెట్టగానే వెనకాలే వచ్చి నిలబడతారు. నేను వెళ్ళే చోట ఆయన స్టూలు వేసి, ట్రే ఇచ్చి, తన పని తను చూసుకుంటాడు.

ఒకసారి అందులో బ్రిటన్ ఆరు పెన్నీల బిళ్ళలు ఒక గుప్పెడు దొరికాయి. 1947 నుంచి వచ్చినవి రాగి నికెల్, వాటిలో వెండి లేదు. 1920 నుంచి 1946 దాకా సగం వెండి. 1919 దాకా అయితే 92.5 శాతం. ఆ గుప్పెట్లో 1910కి ముందువి రెండు ఉన్నాయి. తీసుకెళ్ళి చూపించి, ఇవి పొరపాటున ఇందులో పడ్డట్టున్నాయి అన్నాను. పొరపాటున కాదు, నేనే వేశాను, తేదీలు చదివేవాళ్ళకి ఏదో ఒకటి దొరకాలి కదా అన్నాడు. డబ్బా ధరకే ఇచ్చాడు.

అంచుగీత

ఆయన తెలివైనవాడు. ఆ రెండు బిళ్ళల దెబ్బకి మీరు జీవితాంతం ఆ షాపు వదలరు 😀

ఏరుకునేవాడు

వదలను. అందులో దాపరికం ఏముంది?

నిజంచెప్తా

అందరూ కొనేటప్పటి కథలే చెప్తున్నారు. కొనేవాడితో ఎవరైనా బాగానే ఉంటారు. అదే షాపుకి మీ దగ్గరున్నవి అమ్మడానికి వెళ్ళండి, అప్పుడు తెలుస్తుంది అసలు రంగు. నిన్న నాకు అమ్మిన నాణేన్ని ఇవాళ నేను తిరిగిస్తానంటే సగం చెప్తారు. వ్యాపారి వ్యాపారే. షాపాయన్ని గురువుని చేసి కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

గళ్ళపెట్టె

నిజంచెప్తా గారూ, నాది అమ్మడానికి వెళ్ళిన అనుభవమే, చదవండి.

తాతయ్య పోయాక ఆయన డబ్బా నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నాకు ఈ సరదా లేదు, నాణేల గురించి ఓనమాలు రావు. ఇంట్లో అందరి కళ్ళూ ఒక పెద్ద వెండి బిళ్ళ మీదే. నిండైన స్త్రీ బొమ్మ, వెనక రెండు తలల గద్ద, కింద 1780 అని తేదీ. అంత పాతది కాబట్టి దాంతోనే ఇల్లు కట్టొచ్చన్నట్టు మాట్లాడుకున్నారు. షాపులో ఆవిడ (అవును, ఆడవాళ్ళు నడిపే షాపే) దాన్ని చేతిలోకి తీసుకోకముందే చెప్పింది, ఇది ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మతో కొట్టిన థాలర్ అనే వెండి నాణెం అని. ఆ రాణి పోయిన సంవత్సరం 1780, ఆ తర్వాత కూడా అదే తేదీతో వియన్నా, లండన్, బొంబాయి ఇలా ఎన్నో టంకశాలల్లో కొడుతూనే వచ్చారట, ఎందుకంటే ఎర్ర సముద్రం చుట్టుపక్కల వర్తకులు ఆ బొమ్మ ఉంటేనే తీసుకునేవాళ్ళట. కాటా మీద పెట్టింది, 28 గ్రాములకు వెంట్రుక వాసి అటూ ఇటూ. వెండి అసలుదే, అందులో వెండి 83 శాతం పైచిలుకు ఉంటుంది, కానీ ఇది తర్వాత కొట్టింది కాబట్టి వెండి విలువకు కాస్త పైన, అంతే అని మొహం మీదే చెప్పింది. మా పెదనాన్నకి కోపం వచ్చింది.

అసలు సంగతి ఆ తర్వాత. మేము పక్కన పడేసిన ఆరో జార్జి రూపాయల్లోంచి ఒకటి విడిగా తీసి పెట్టింది. తేదీ 1939. 1938వి బాగానే దొరుకుతాయి, 1939 మాత్రం అరుదు, అందుకే దీన్ని ముందు అనుమానించాలి అంది. ఎవరైనా తేదీలో చివరి అంకె గీకి మార్చారేమోనని లూప్ కింద చాలాసేపు చూసింది. నాకు కూడా చూపించింది, 9 చుట్టూ లోహం చెక్కిన జాడ ఉందా, మిగతా అంకెల ఎత్తులోనే ఉందా అని. తర్వాత అంది కదా, "ఇది నాకు ఇవాళ అమ్మకండి. ఇంకో ఇద్దరికి చూపించండి, సర్టిఫికేషన్‌కి పంపించండి, అప్పటికీ అమ్మాలనిపిస్తే రండి." ఆవిడ నోరు మూసుకుని మిగతావాటితో కలిపి తూకానికి తీసుకుంటే మేము సంతోషంగా ఇచ్చి వచ్చేవాళ్ళం.

అమ్మలేదు. నా కలెక్షన్ దాంతోనే మొదలైంది.

కాసులపేరు

చదువుతుంటే ఒళ్ళు పులకరించింది గళ్ళపెట్టె గారూ. సర్టిఫికేట్ వచ్చిందా మరి?

గళ్ళపెట్టె

వచ్చింది. అసలుదే.

నిజంచెప్తా

ఆవిడ విషయంలో ఒప్పుకుంటాను. అలాంటివాళ్ళు ఎందరున్నారనేదే నా ప్రశ్న.

కౌంటర్‌వెనక

నేను నాణేల షాపులో పనిచేస్తాను, యజమానిని కాదు. నిజంచెప్తా గారి మాటకి అవతలి వైపు నుంచి కాస్త చెప్పాలి.

నిన్న కొన్న ధరకి ఇవాళ తిరిగి తీసుకోరని కోపం. మేము కొన్న నాణెం రేపే అమ్ముడుపోదు. కొన్ని ఏళ్ళ తరబడి ట్రేలోనే ఉంటాయి. అద్దె, బీమా, ఇనప్పెట్టె, అన్నీ ఆ తేడాలోంచే రావాలి. ఎక్కువగా అడిగే నాణేనికి తేడా తక్కువ ఉంటుంది, ఎవరూ అడగనిదానికి ఎక్కువ. అది మోసం కాదు. మోసం ఏమిటంటే అరుదైనదాన్ని మామూలుదని చెప్పి తీసుకోవడం. గళ్ళపెట్టె గారు చెప్పినావిడ చెయ్యనిది అదే. మా యజమాని నాకు మొదట్లోనే చెప్పిన నియమం కూడా అదే. తెలియని మనిషి అమ్మడానికి వస్తే ముందు అది ఏమిటో చెప్పు, ఆ తర్వాతే ధర చెప్పు.

చేదుగా ఉన్న నిజాలు చెప్పడం మాకూ కష్టమే. అమెరికా 1943 సెంటు రాగి రంగులో ఉందని ఆశగా పట్టుకొస్తారు. ఆ ఏడాది యుద్ధానికి రాగి కావాలని సెంట్లను జింకు పూసిన ఉక్కుతో కొట్టారు, పొరపాటున రాగి బిళ్ళల మీద పడ్డవి అతి కొద్ది. ఆ కథ అందరూ వినేసి ఉంటారు. మేము మాట్లాడకుండా అయస్కాంతం చేతికిస్తాం. టక్కున అతుక్కుంటుంది, ఉక్కు మీద రాగి పూత. అతుక్కోకపోతే అప్పుడు తేదీలో మూడుని చూడాలి, 1948లో ఎనిమిదిని కోసి మూడు చేసినవి ఉంటాయి. మేము చెప్తే నమ్మరు కానీ అయస్కాంతం చెప్తే నమ్ముతారు. అలా నిరాశగా వెళ్ళిన ఒక అబ్బాయి మళ్ళీ వచ్చి ఉక్కు సెంట్లు మూడు టంకశాలలవీ అడిగి కొనుక్కున్నాడు, ఇప్పుడు మా దగ్గరికి తరచూ వస్తాడు.

వచ్చేవాళ్ళకి ఒక విన్నపం. నాణేన్ని అంచులతో పట్టుకోండి, ట్రే మీదే పట్టుకోండి. ఇది చూడగానే మాకు తెలిసిపోతుంది ఈ మనిషికి వెనక గదిలోవి కూడా చూపించొచ్చని.

బొమ్మాబొరుసు

వెనక గది అనగానే చెవులు నిక్కబొడుచుకున్నాయి అందరికీ 😂

కాసులపేరు

మా అబ్బాయి కథ రాస్తాను. బడిలో రోమ్ గురించి చెప్పారట, రోమన్ నాణెం చూడాలని ఒకటే గొడవ. మ్యూజియంలో అద్దం వెనక ఉంటాయి కదా అంటే, నాకు చేత్తో పట్టుకోవాలి అంటాడు. షాపుకి తీసుకెళ్ళాను. కొనే ఉద్దేశం పెద్దగా లేదు, రోమన్ అంటే మనకి అందుబాటులో ఉండవనే అనుకున్నాను. షాపాయన వాడి చేతిలో చిన్న కంచు బిళ్ళ పెట్టాడు, చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలానిది. బొరుసు మీద ఇద్దరు సైనికులు ఈటెలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడి ఉంటారు, మధ్యలో జెండా కొయ్యలు. "ఎన్ని కొయ్యలున్నాయో లెక్కపెట్టు" అన్నాడు. రెండు అన్నాడు వీడు. అయితే 330కీ 335కీ మధ్యది, ఆ తర్వాత వాటిలో ఒకటే కొయ్య ఉంటుంది, బిళ్ళ కూడా చిన్నదైపోయింది అన్నాడాయన. సైనికుల కాళ్ళ కింద గీత, ఆ గీత కింద అరిగిపోయిన అక్షరాలు. వాటిని వీడి చేతే చదివించాడు. ఎస్, ఎం, ఏ, ఎన్. అంటే ఆంటియోక్ (ఇప్పటి టర్కీలో ఉన్న పాత నగరం) టంకశాల. పదిహేడు వందల ఏళ్ళ కిందటిది ఎక్కడ తయారైందో మా వాడు సొంతంగా చదివాడు! ఆ మొహం మీరు చూసి ఉండాల్సింది.

అలాంటివి లక్షల్లో కొట్టారు, ఇప్పటికీ కుండలకొద్దీ దొరుకుతుంటాయి కాబట్టే పిల్లల చేతికి ఇవ్వగలుగుతున్నాం అని కూడా చెప్పాడు. పాతది అయినంత మాత్రాన ఖరీదు కాదనే మాట నాకు అక్కడే బోధపడింది. కొన్నాం, ఇక చెప్పేదేముంది.

అంచుగీత

ఆ అబ్బాయి పెద్దయ్యాక ఈ వేదికకి మోడరేటర్ అవుతాడు, రాసిపెట్టుకోండి.

హిజ్రీలెక్క

కాసులపేరు గారి అబ్బాయి చదివినట్టే నాకూ చదవడం నేర్పింది షాపే. నిజాం కాలపు చార్మినార్ రూపాయిలు నాకు ఇష్టం. కానీ ముందు వాటి మీద ఉన్నది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, బొమ్మ బాగుందని కొనేవాణ్ణి. షాపాయన కాగితం మీద సున్నా నుంచి తొమ్మిది దాకా వాటి మీద ఉండే అరబ్బీ అంకెలు రాసిచ్చాడు. ఐదు గుండ్రంగా ఉంటుంది, సున్నా ఉత్త చుక్క, ఈ రెండింటి దగ్గర తికమకపడకుంటే మిగతావి వచ్చేస్తాయి. తర్వాత లెక్క. హిజ్రీ (ఇస్లామీ కాలెండరు) సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే దాదాపు మన సంవత్సరం వస్తుంది. 1343 అని ఉంటే 1924-25 అన్నమాట.

ఆ తర్వాత చార్మినార్ మధ్య కమాను కింద ఉన్న చిన్న అక్షరం చూపించాడు. అది ఆ పాలకుడి పేరులో మొదటి అక్షరం. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. నేను అప్పటిదాకా అది ఏదో అలంకారం అనుకునేవాణ్ణి. అదే ట్రేలో రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ కాగితం ఇప్పటికీ నా కేటలాగ్‌లోనే ఉంది.

బొమ్మాబొరుసు

ఇదండీ నేను వెతుకుతున్న సమాచారం! నా దగ్గరున్నది ఇప్పుడే తీసి చూశాను, ఐన్. ధన్యవాదాలు.

వెరైటీవేట

ఒక విషయం అడుగుతాను, ఇక్కడ రెండు అభిప్రాయాలుంటాయని తెలుసు. రాగిబిళ్ళ గారు 1862 రూపాయి అన్నారు కదా. అది ఒక్క ఏడాదిది కాదు. అదే తేదీతో 1874 దాకా కొట్టారు. బొంబాయి టంకశాల వాళ్ళు మాత్రం ఏ ఏడాది కొట్టిందో తెలిసేలా బొరుసు మీద చిన్న చుక్కలు పెట్టారు, తేదీ కింద కొన్ని, పైన పూల దగ్గర కొన్ని. ఆ చుక్కల లెక్కను బట్టి కొన్ని మామూలు, కొన్ని బాగా అరుదు. షాపుల్లో చాలామంది అన్నీ 1862 అనే ఒకే ధర పెడతారు.

నేను ఒక ట్రేలో ఏరుతుంటే అలాంటి అరుదైన చుక్కలది తగిలింది. గుండె దడదడలాడింది. మాట్లాడకుండా డబ్బిచ్చి రావచ్చు. కానీ ఆయన నాకు ఎన్నోసార్లు సాయం చేసిన మనిషి, కడుపులో పెట్టుకుని రాలేకపోయాను. చుక్కలు చూపించి ఇది ఫలానా అని చెప్పాను. ఆయన లూప్ పెట్టి చూసి, కేటలాగ్ తీసి చూసి, నవ్వి, "వెతికింది నీ కళ్ళు, నేను పెట్టిన ధర నేను పెట్టిందే" అని అదే ధరకి ఇచ్చాడు. మీరైతే చెప్పేవాళ్ళా?

అంచుగీత

చెప్పను. ధర పెట్టింది ఆయన. చదువుకోవడానికి మనం పెట్టిన సమయానికి దొరికే ఫలం అదే కదా. దీంట్లో తప్పేముంది?

గళ్ళపెట్టె

నాకు షాపావిడ చెప్పకుండా ఆ 1939 తూకానికి తీసుకుని ఉంటే మీరు తప్పనే అంటారు. మరి మనం చెప్పకపోతే ఒప్పు ఎలా అవుతుంది?

అంచుగీత

రెండూ ఒకటి కాదండీ. షాపు నడిపేవాళ్ళకి తెలుసుకునే బాధ్యత ఉంది, అది వాళ్ళ వృత్తి. డబ్బా పట్టుకొచ్చిన మీకు ఆ బాధ్యత లేదు. తెలిసినవాడు తెలియనివాడి దగ్గర కొంటే చెప్పాలి. ఇద్దరూ తెలిసినవాళ్ళే అయితే ఎవరి కన్ను వాళ్ళది.

కౌంటర్‌వెనక

అంచుగీత గారి మాటతో నేను ఏకీభవిస్తాను, షాపులో పనిచేస్తూ కూడా. ట్రేలో పెట్టి ధర రాశామంటే అది మా మాట. ఏరుకుని తీసుకెళ్తే మాకు బాధ లేదు. కొనేశాక మళ్ళీ వచ్చినప్పుడు అది ఏమిటో చెప్తే మాత్రం చాలా సంతోషం, మేమూ నేర్చుకుంటాం. కాకపోతే వెరైటీవేట గారు ముందే చెప్పారు, ఆయన అదే ధరకి ఇచ్చాడు. ఆ ఇద్దరూ నాకు నచ్చారు.

రాగిబిళ్ళ

ఈ చుక్కల సంగతి చదివి నాది తీసి చూస్తున్నాను ఇప్పుడు. తేదీ కింద ఒకటి ఉన్నట్టే ఉంది, అది చుక్కా, మరకా తెలియట్లేదు.

వెరైటీవేట

బొరుసు ఫోటో పెట్టండి, లైటు పక్క నుంచి పడేలా తీయండి. చుక్క అయితే గుండ్రంగా నీడ పడుతుంది.

కొత్తసేకర్త

కొత్తగా మొదలుపెట్టాను. మా దగ్గర్లో ఉన్న షాపుకి వెళ్ళాలని ఉంది కానీ టెన్షన్. కొనకుండా చూసి వస్తే ఏమనుకుంటారో. ఇంకో సందేహం, నా వెండి నాణేల మీద ఆకుపచ్చగా జిడ్డులాంటిది వస్తోంది, అది పట్టుకెళ్ళి చూపించొచ్చా?

ఏరుకునేవాడు

వెళ్ళగానే "ఇవాళ చూడటానికే వచ్చాను, ఫలానా రకం మొదలుపెట్టాను" అని చెప్పేయండి. అంతే. రద్దీ లేని వేళ వెళ్ళండి, వారం మధ్యలో అయితే మాట్లాడే తీరిక ఉంటుంది.

బొమ్మాబొరుసు

పచ్చ జిడ్డు అంటే వెంటనే చూపించండి, ఆలస్యం వద్దు. నా నాణేలు కొన్ని మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉండేవి, పాత కలెక్షన్ ఒకటి అలాగే ఎవరి దగ్గరో కొన్నాను. ఇంకో పని మీద షాపుకెళ్తే, నేను కవర్ బయటికి తీయగానే ఆయన వాసన చూశాడు! కొత్త షవర్ కర్టెన్ వాసన వస్తుంది, అది పీవీసీ, అందులోంచి దిగే రసం వెండిని, రాగిని తినేస్తుంది అన్నాడు. గాజు గిన్నెలో అసిటోన్ పోసి, నాణేన్ని అందులో ఉంచి, రుద్దకుండా తీసి, తాజా అసిటోన్‌లో ఇంకోసారి ముంచి ఆరబెట్టాడు. పచ్చదనం పోయింది. పైసా తీసుకోలేదు. పీవీసీ లేని మైలార్ కవర్లు ఒక కట్ట మాత్రం ఆయన దగ్గరే కొన్నాను.

హిజ్రీలెక్క

నాణేన్ని ఏ ద్రావకంలోనూ ముంచొద్దని నా నమ్మకం. తోమొద్దని పైన రాగిబిళ్ళ గారి అనుభవంలో చదివాం, మళ్ళీ ఇది ఏమిటి?

బొమ్మాబొరుసు

తోమడం వేరు, ఇది వేరు హిజ్రీలెక్క గారూ. అసిటోన్ జిడ్డునీ ప్లాస్టిక్ రసాన్నీ కరిగిస్తుంది కానీ వెండితో కలవదు, లోహం ఏమీ పోదు, పట్టిన రంగు కూడా పోదు. ఆ పచ్చది ఉంచేస్తే అది లోపలికి తినుకుంటూ పోతుంది.

కౌంటర్‌వెనక

అవును. స్వచ్ఛమైన అసిటోన్ మాత్రమే. గోళ్ళ రంగు తుడిచే సీసా వద్దు, అందులో నూనెలు, సువాసనలు కలుపుతారు. ప్లాస్టిక్ గిన్నె వద్దు, కరుగుతుంది. కిటికీ తెరిచి, మంటకి దూరంగా. రాగి నాణేలకైతే మాత్రం మా యజమాని కూడా జాగ్రత్తగానే ఉంటాడు, ఒక్కోసారి రంగు మారుతుందని. మొదటిసారి ఎవరైనా చేస్తుంటే చూసి నేర్చుకోండి, అందుకే షాపుకి పట్టుకెళ్ళమనేది.

హిజ్రీలెక్క

రాగి సంగతి చెప్పారు, బాగుంది. నా దగ్గరున్నవి ఎక్కువ రాగివే, నేను దూరంగానే ఉంటాను.

కొత్తసేకర్త

చాలా థాంక్స్ అందరికీ. మరి గ్రేడింగ్ చేసి (ఎంత అరిగిందో చూసి అంకె ఇచ్చి) డబ్బాలో పెట్టినవే కొనమని కొందరంటున్నారు, షాపుతో పనే లేదని.

వెరైటీవేట

ఖరీదైనవాటికి అది మంచిదే. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ కంపెనీల డబ్బాలో ఉందంటే అసలుదనే భరోసా చాలావరకు ఉంటుంది. కానీ అంకె చూసి కొనడం అలవాటైతే కన్ను ఎదగదు. 1 నుంచి 70 దాకా ఉన్న ఆ కొలత కూడా షెల్డన్ అనే ఆయన 1949లో అమెరికా పాత పెద్ద సెంట్ల కోసం పెట్టింది, తర్వాత అన్నింటికీ వాడుతున్నారు. షాపులో ఒకే నాణేన్ని బాగా అరిగినది, మధ్యస్తంగా అరిగినది, అసలు చలామణీ కానిది పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క పూటలో వచ్చే తెలివిడి ఫోటోల్లో రాదు. చెంప, జుట్టు, చెవి పైన, ఎత్తుగా ఉన్నచోట ముందు అరుగుతుంది. అవి చూపించమని అడగండి. ఇష్టంగా చూపిస్తారు.

నిజంచెప్తా

ఇంత చదివాక నాదీ ఒకటి రాయాలి. ముందే చెప్తున్నా, షాపుల మీద నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. కానీ ఇది జరిగింది కాబట్టి చెప్పకపోవడం అన్యాయం.

అమెరికా ట్రేడ్ డాలర్ ఒకటి కొన్నాను, 1873 నుంచి చైనా వర్తకం కోసం కొట్టిన పెద్ద వెండి బిళ్ళ. వీటిలో నకిలీలు విపరీతం, అది తెలిసే షాపులో కొన్నాను. కాటా మీద 27.2 గ్రాములు, ఉండాల్సినంతే ఉంది. అయస్కాంతం పట్టలేదు. మోగిస్తే వెండి మోతే. కొన్నాళ్ళకి షాపు నుంచి ఫోన్. ఆయన గొంతు బాగోలేదు. "మీకిచ్చినది ఒకసారి తెస్తారా" అన్నాడు. వెళ్తే, తర్వాత ఇంకెవరో అమ్మడానికి తెచ్చిన ట్రేడ్ డాలర్ ఇంకొకటి బల్ల మీద ఉంది. రెండూ పక్కన పెట్టి లూప్ నా చేతికిచ్చాడు. అమ్మాయి బొమ్మ మోకాలి దగ్గర చిన్న గుంట, దానికి కాస్త కింద ఇంకోటి, గోధుమ మోపు మీద మూడోది. రెండో నాణెం మీదా సరిగ్గా అవే చోట్ల అవే మూడు గుంటలు, అదే ఆకారంలో. చలామణీలో దెబ్బలు తగిలితే రెండు నాణేలకి ఒకేచోట తగలవు కదా. ఒక అసలు నాణెం నుంచి అచ్చు తీసి, దాని మీది దెబ్బలతో సహా వెండి మీద కొట్టేశారు. అందుకే తూకం, మోత అన్నీ సరిపోయాయి.

నాకు అనుమానం రాలేదు, నేను అడగలేదు. ఆయన ఊరుకుంటే ఎప్పటికీ బయటపడేది కాదు. మొత్తం డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. నేను కొన్న తర్వాత వెండి పెరిగింది కాబట్టి ఆ తేడా కూడా ఇస్తానన్నాడు, నేను తీసుకోలేదు. ఆ నకిలీ రెండూ అమ్మకానికి పెట్టలేదు, వచ్చినవాళ్ళకి చూపించడానికి విడిగా ఒక డబ్బాలో ఉంచాడు.

గళ్ళపెట్టె

ఇంత మంచి అనుభవం పొట్టలో పెట్టుకుని పైన అందరితో అంత వాదించారా మీరు!

నిజంచెప్తా

వాదన వాదనే, అనుభవం అనుభవమే. అమ్మే ధరల గురించి నేనన్నది ఇప్పటికీ అంటాను.

రాగిబిళ్ళ

నిజంచెప్తా గారూ, ఆ గుంటల విషయం విడిగా ఒక పోస్టుగా పెట్టండి దయచేసి, నకిలీల విభాగంలో. ట్రేడ్ డాలర్లు కొనేవాళ్ళందరికీ పనికొస్తుంది. వీలైతే ఆ షాపుకెళ్ళి రెండింటినీ పక్కపక్కన ఫోటో తీసుకురండి.

నిజంచెప్తా

అడుగుతాను. తీయనిస్తాడనే అనుకుంటున్నా.

కొత్తసేకర్త

నేను బుధవారం వెళ్తున్నాను. పచ్చ జిడ్డువి నాలుగు, కాగితం మీద రాసుకున్న ప్రశ్నలు. ఇంకేమైనా పట్టుకెళ్ళాలా?

ఏరుకునేవాడు

సొంత లూప్ ఉంటే తీసుకెళ్ళండి, పది రెట్లది చాలు. లేకపోతే అక్కడే అడగండి, ఇస్తారు. మొత్తం కలెక్షన్ మోసుకెళ్ళొద్దు. ఏరుకునే డబ్బా ఉందేమో చూడండి.

కాసులపేరు

ఆ నాలుగూ విడివిడిగా మెత్తటి కాగితంలో చుట్టండి, పాత కవర్లలో మళ్ళీ పెట్టకండి. వెళ్ళొచ్చాక ఇక్కడ రాయండి.